పాదాల్లో మంట, మనసులో కుంగుబాటు

మధుమేహంతో నాడులు దెబ్బతిన్నవారిలో కుంగుబాటు, ఆందోళన ఎందుకు ఎక్కువ? కుంగుబాటుకు వాడే మాత్ర కాళ్ల మంటను ఎలా తగ్గిస్తుంది?

రాత్రి పదకొండు దాటింది. ఇంట్లో అందరూ నిద్రపోయారు. పెద్దాయన ఒక్కరే మంచం అంచున కూర్చుని పాదాలను చల్లటి గచ్చుకు ఆనించి ఉంచారు. దుప్పటి తగిలితే మంట, తీసేస్తే సూదులు గుచ్చినట్లు పోట్లు. చూడబోతే పాదం మీద పుండు లేదు, వాపు లేదు. ‘పైకి ఏమీ లేదు కదా, కాస్త ఓర్చుకో’ అని ఇంట్లోవాళ్లు అంటారు. పొద్దున డాక్టరు కొత్త మాత్ర రాశారు. దాని పేరు ఫోనులో వెతికితే మొదటి వరుసలోనే ‘కుంగుబాటుకు వాడే మందు’ అని కనిపించింది. ‘మంట కాళ్లలో ఉంటే మనసుకు మందిచ్చారేమిటి? నాకేమైనా పిచ్చి అనుకున్నారా?’ అని నొచ్చుకుని, చీటీని మడిచి బీరువాలో పడేశారు.

ఇది ఊహించి రాసిన దృశ్యమే. కానీ మధుమేహం ఏళ్ల తరబడి ఉన్నవారి ఇళ్లలో ఇలాంటి రాత్రులు కొత్తేమీ కాదు. ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. కుంగుబాటు మందుకూ కాళ్ల మంటకూ ఏమిటి సంబంధం? కాళ్ల మంటతో బాధపడేవారిలో నిజంగానే కుంగుబాటు, ఆందోళన ఎక్కువగా ఉంటాయా? రెండో ప్రశ్నకు జవాబు ‘అవును’. ఎందుకో తెలుసుకుంటే మొదటి ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది.

ఎంతమంది సమస్య ఇది?

భారత వైద్య పరిశోధన మండలి చేపట్టిన ‘ఇండియాబ్’ సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం దేశంలో సుమారు 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది. మరో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. మధుమేహం ఉన్నవారిలో దాదాపు సగం మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు నాడులు దెబ్బతింటాయని అంచనా. దీన్నే వైద్యులు డయాబెటిక్ న్యూరోపతి అంటారు. అందరికీ నొప్పి ఉండదు. కొందరికి తిమ్మిరి, మొద్దుబారడం మాత్రమే ఉంటాయి. కొందరికి మంటలు, పోట్లు, కరెంటు షాక్ కొట్టినట్లు జిల్లుమనడం ఉంటాయి. రెండూ కలిసి ఉన్నవారూ ఉన్నారు. తాకితే తెలియదు, కానీ మండుతుంది!

మధుమేహం ఉన్నవారిలో కుంగుబాటు మిగతావారి కంటే సుమారు రెండు రెట్లు ఎక్కువని 2001లో పలు అధ్యయనాలను కలిపి చేసిన విశ్లేషణ తేల్చింది. నాడులు కూడా దెబ్బతింటే ఈ భారం ఇంకా పెరుగుతుంది. చెన్నై నగరంలో జరిగిన ‘క్యూర్స్’ అధ్యయనంలో, మధుమేహం ఉండి నాడులు దెబ్బతిన్నవారిలో 28 శాతం మందికి కుంగుబాటు లక్షణాలు కనిపించాయి. మధుమేహం ఉన్నా నాడులు బాగున్నవారిలో ఇది 16 శాతమే.

ఈ రెండింటి పొత్తు మరీ కొత్త విషయమూ కాదు. అరచేతులు, అరికాళ్లలో తిమ్మిరి, మంట రావడాన్ని చరక సంహిత ప్రమేహానికి ముందు కనిపించే లక్షణాల్లో చేర్చింది. మధుమేహుల మూత్రం తియ్యగా ఉంటుందని 17వ శతాబ్దంలో ఐరోపాకు చెప్పిన ఆంగ్ల వైద్యుడు థామస్ విల్లిస్, దీర్ఘకాలపు దుఃఖం ఈ జబ్బును తెచ్చిపెడుతుందని రాశాడు. ఎలా అన్నది అప్పట్లో తెలియదు. ఇప్పుడు కొంత తెలిసింది.

పొడవైన నాడికే మొదటి దెబ్బ

తిమ్మిరి ఎప్పుడూ కాలి వేళ్ల దగ్గరే ఎందుకు మొదలవుతుంది? ఇందులో కొంత జీవశాస్త్రం, కొంత రవాణా లెక్క ఉన్నాయి.

కాలి బొటనవేలిలో స్పర్శను పట్టుకునే నాడీకణం అసలు దేహం ఉండేది బొటనవేలిలో కాదు, నడుము దగ్గర వెన్నుపాము పక్కన. అక్కడి నుంచి దాని తంతువు ఒక్కటే తీగలా పాదం దాకా సాగుతుంది. పొడవు సుమారు మీటరు. కణదేహం వెడల్పు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. కణదేహాన్ని నిమ్మకాయంత పెద్దది చేసి చూస్తే, దాని తీగ దాదాపు 800 మీటర్లు సాగుతుంది. అంత పొడవునా ప్రాణం నిలబెట్టాల్సిన బాధ్యత ఆ నిమ్మకాయదే.

తీగకు కావాల్సిన ప్రొటీన్లలో ఎక్కువ భాగం కణదేహంలో తయారై, తీగ లోపలి సన్నటి పట్టాల మీదుగా కొసకు ప్రయాణిస్తాయి. వేగంగా వెళ్లే సరుకు రోజుకు 40 సెంటీమీటర్ల వరకు కదులుతుంది. అంటే పాదం చేరడానికి రెండున్నర రోజులు. తీగ ఆకారాన్ని నిలబెట్టే కొన్ని ప్రొటీన్లు మాత్రం రోజుకు మిల్లీమీటరు చొప్పున నత్తనడకన సాగుతాయి. మీటరు దూరానికి వెయ్యి రోజులు పడుతుంది. ఈ రవాణాకు శక్తి ఎడతెగకుండా అందాలి.

ఏళ్ల తరబడి గ్లూకోజు ఎక్కువగా ఉంటే ఈ ఏర్పాటు మొత్తం దెబ్బతింటుంది. అదనపు గ్లూకోజులో కొంత సార్బిటాల్‌గా మారే క్రమంలో, కణాన్ని కాపాడే రసాయనాలు తరిగిపోతాయి. శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా నీరసిస్తాయి. నాడులకు రక్తం తెచ్చే అతి సన్నటి రక్తనాళాలు మందమై మూసుకుపోతాయి. సరఫరా తగ్గితే ముందు ఎండేది కాలువ చివరి పొలమే. అందుకే కాలి వేళ్లు, ఆ తర్వాత పాదం, పిక్క. సమస్య మోకాలి దాకా పాకే సమయానికి చేతివేళ్ల కొసల్లోనూ తిమ్మిరి మొదలవుతుంది.

మరి దెబ్బతిన్న నాడి మూగబోవాలి గానీ నొప్పి ఎందుకు పుట్టిస్తుంది? గాయపడిన తీగ పొర మీద సోడియం అయాన్లను లోనికి వదిలే ద్వారాలు అస్తవ్యస్తమవుతాయి. ఏ స్పర్శా లేకుండానే తీగ సంకేతాలు పంపడం మొదలుపెడుతుంది. ఎవరూ నొక్కకపోయినా కాలింగ్ బెల్ పదేపదే మోగుతున్నట్లన్నమాట. ఆ మోతకు వెన్నుపాములోని నాడీకణాలు కూడా క్రమంగా అతిగా స్పందించడం నేర్చుకుంటాయి. అప్పుడు దుప్పటి అంచు తగిలినా నిప్పు తగిలినట్లే ఉంటుంది. పైకి పుండు లేకపోవచ్చు గానీ, గాయం మాత్రం నిజమే.

నొప్పికీ మనసుకూ ఒకే దారి

పాదం నుంచి బయల్దేరిన నొప్పి సంకేతం వెన్నుపాము మీదుగా మెదడుకు చేరి ఒక్కచోటే ఆగదు. ఒక శాఖ ‘నొప్పి ఎక్కడ, ఎంత’ అని లెక్కగట్టే భాగాలకు వెళుతుంది. మరో శాఖ ‘ఇది ఎంత బాధాకరం, ఎంత ప్రమాదకరం’ అని తేల్చే భాగాలకు వెళుతుంది. భయాన్నీ దిగులునూ నడిపే వలయాలు ఈ రెండో దారిలోనే ఉన్నాయి. రోజూ నెలల తరబడి ప్రమాద సంకేతాలు వస్తుంటే ఆ వలయాలకు విశ్రాంతి ఉండదు.

దారి పైకి మాత్రమే కాదు, కిందికీ ఉంది. మెదడు కాండం నుంచి వెన్నుపాముకు దిగే నాడులు నొప్పి సంకేతాలను తూము తలుపులా వదలగలవు, ఆపగలవు. ఆ తలుపును తిప్పే ముఖ్యమైన రసాయనాలు నార్అడ్రినలిన్, సెరటోనిన్. మనసు స్థితిని ప్రభావితం చేసే రసాయనాల్లోనూ ఇవే ముఖ్యమైనవి. కాబట్టి కుంగుబాటులో నొప్పిని అదుపుచేసే శక్తి తగ్గడం, తగ్గని నొప్పి మనసును కుంగదీయడం రెండూ ఒకే వ్యవస్థలో జరిగే పనులు.

ఇక నిద్ర. నాడీ నొప్పి రాత్రిపూట ఎక్కువగా బాధిస్తుంది. నిద్ర చెడితే మర్నాడు నొప్పిని ఓర్చుకునే శక్తి తగ్గుతుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయదు, గ్లూకోజు పెరుగుతుంది, చిరాకు, నిస్పృహ కమ్ముకుంటాయి. మళ్లీ రాత్రి వస్తుంది. నెలల తరబడి ఇలా గడిచాక ‘ఇక ఇంతే’ అనిపించడంలో ఆశ్చర్యమేముంది?

నొప్పిని మించినది తూలుడు

కాబట్టి కుంగుబాటుకు కారణం నొప్పి ఒక్కటే అనుకుంటే పొరపాటు. నాడులు దెబ్బతిన్న 494 మందిని బ్రిటన్, అమెరికాల్లో పరిశీలించిన లొరెట్టా విలైకైట్ బృందం 2005లో ఒక ఆసక్తికరమైన విషయం బయటపెట్టింది. నాడీ సమస్య లక్షణాలన్నింటిలో కుంగుబాటుతో అన్నిటికన్నా గట్టిగా ముడిపడింది నొప్పి కాదు, నడకలో నిలకడ లేకపోవడం. వీరిలో 338 మందిని 18 నెలల తర్వాత మళ్లీ పరిశీలించి 2009లో ఫలితాలు ప్రకటించారు. కాలం గడిచేకొద్దీ కుంగుబాటు మారడంతో ముడిపడిన నాడీ లక్షణం అప్పుడు కూడా తూలుడే.

ఎందుకని? మనం నడిచేటప్పుడు పాదం ఎక్కడుందో, నేల గట్టిదా మెత్తనిదా అన్నది కళ్లతో చూడకుండానే తెలుస్తుంది. అరికాలు, చీలమండ నుంచి వచ్చే సమాచారమే అందుకు కారణం. ఆ సమాచారం ఆగిపోతే దూది మీద నడుస్తున్నట్లు ఉంటుంది. పగలు కళ్లతో చూసుకుంటూ నెట్టుకురావచ్చు. ముఖానికి సబ్బు రాసుకుని కళ్లు మూసుకుంటే మాత్రం ఒళ్లు తూలుతుంది. రాత్రి కరెంటు పోతే అడుగు పడదు. కాలి చెప్పు ఎక్కడో జారిపోయినా ఇంటికి వచ్చేదాకా తెలియదు.

ఇక జీవితంలో ఏమేం తగ్గిపోతాయో చూడండి. రైతుకు పొలం గట్టు మీద నడక కష్టమవుతుంది. తెల్లవారుజామున వాకిట్లో వంగి ముగ్గు వేసే ఇల్లాలు గోడ పట్టుకోవాల్సి వస్తుంది. గుడి మెట్లు, బస్సు ఫుట్‌బోర్డు, పెళ్లి పందిట్లో చెప్పులు విడిచి నడవడం, అన్నీ భయపెడతాయి. పడిపోతానేమోనన్న భయంతో బయటికి వెళ్లడం తగ్గుతుంది. వెళ్లడం తగ్గితే కండరాలు బలహీనపడి తూలుడు మరింత పెరుగుతుంది. విలైకైట్ బృందం గుర్తించిన మిగతా కారణాలూ ఇలాంటివే: రోజువారీ పనులు చేసుకోలేకపోవడం, ఇంట్లో, నలుగురిలో తన స్థానం తగ్గిపోయిందన్న భావన, లక్షణాలు ఎప్పుడు ఎలా వస్తాయో తెలియకపోవడం, చికిత్సతో లాభం లేదన్న నమ్మకం. కుంగుబాటు పుట్టేది నాడిలోనే కాదు, ఆ నాడి లాక్కుపోయిన జీవితంలో కూడా.

ఇది నిరాశ కలిగించే విషయంలా కనిపించినా నిజానికి ఆశ కలిగించేది. పూర్తిగా చచ్చిపోయిన నాడిని తిరిగి మొలిపించే మందు ఇంకా లేదు. కానీ నిలకడను వ్యాయామంతో పెంచుకోవచ్చు. అపనమ్మకాన్ని మాటలతో పోగొట్టవచ్చు.

ఆందోళనా, షుగర్ పడిపోయిందా?

కుంగుబాటు కంటే ఆందోళనను గుర్తించడం ఇంకా కష్టం. గుండె దడ, చెమటలు, చేతుల వణుకు, కాళ్లలో సత్తువ లేకపోవడం, ఏదో కీడు జరగబోతోందన్న భయం. ఇవి తీవ్ర ఆందోళన లక్షణాలు. రక్తంలో గ్లూకోజు బాగా పడిపోయినప్పుడు కనిపించేవీ దాదాపు ఇవే. రెండు సందర్భాల్లోనూ ఒంట్లో అడ్రినలిన్ ఎగదన్నడమే దీనికి కారణం. అందువల్ల కొందరు ఆందోళనను షుగర్ పడిపోవడం అనుకుని, అవసరం లేకపోయినా పంచదార తింటారు. కొందరు నిజంగా షుగర్ పడిపోతే కంగారు అనుకుని ఊరుకుంటారు. రెండోది ప్రమాదకరం. గ్లూకోమీటరుతో వెంటనే చూసుకుంటే తేడా తెలుస్తుంది. 70 మిల్లీగ్రాముల కన్నా తక్కువుంటే షుగర్ పడిపోయినట్లే. మీటరు దగ్గర లేకపోతే ముందు ఏదైనా తియ్యటిది తీసుకోవడమే క్షేమం.

గుండె, రక్తనాళాలు, జీర్ణాశయం వంటివాటిని మన ప్రమేయం లేకుండా నడిపించే నాడులు కూడా మధుమేహంతో దెబ్బతింటాయి. అప్పుడు లేచి నిలబడగానే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. కూర్చున్నా గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇవన్నీ ‘గుండెపోటేమో’ అన్న భయానికి ఆజ్యం పోస్తాయి. దీనికి తోడు, తెలిసినవాళ్లలో ఎవరికో మధుమేహంతో కాలు తీసేశారన్న వార్త. వేలికి చిన్న గాయమైనా ‘నా కాలూ పోతుందేమో’ అన్న బెంగ. ఈ భయానికి ఆధారం లేకపోలేదు. కానీ రోజూ పాదాలను చూసుకునేవారికి ముప్పు బాగా తగ్గుతుంది. భయం మితంగా ఉంటే జాగ్రత్త నేర్పుతుంది, మితిమీరితే డాక్టరు దగ్గరికి వెళ్లడానికే జంకు పుట్టిస్తుంది.

చక్రం రెండు వైపులా తిరుగుతుంది

జబ్బు వచ్చింది కాబట్టి దిగులు వచ్చిందని మనం అనుకుంటాం. అది సగం నిజమే. 2008లో వెలువడిన ఒక విశ్లేషణ ప్రకారం, కుంగుబాటు ఉన్నవారికి తర్వాతి కాలంలో టైప్-2 మధుమేహం వచ్చే ముప్పు సుమారు 60 శాతం ఎక్కువ. మధుమేహం ఉన్నవారికి కొత్తగా కుంగుబాటు వచ్చే ముప్పు 15 శాతం ఎక్కువ. అంటే బాణం రెండు వైపులా ఉంది. కుంగుబాటులో కార్టిసాల్ వంటి ఒత్తిడి హార్మోన్లు పెరిగి ఇన్సులిన్‌కు అడ్డుపడతాయి. నడక మానేస్తారు, తిండి వేళ తప్పుతుంది, మాత్రలు మరచిపోతారు.

నాడులు దెబ్బతిన్నవారికి దీని ఫలితం పాదంలో కనిపిస్తుంది. మొద్దుబారిన పాదాన్ని కాపాడేది రోజువారీ పరిశీలన. మనసు కుంగినవారు ముందుగా వదిలేసేది తమ గురించి తాము పట్టించుకోవడమే. మధుమేహంతో మొదటిసారి పాదంలో పుండు పడిన 253 మందిని లండన్‌లో పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, దాదాపు మూడో వంతు మందికి కుంగుబాటు ఉంది. ఏడాదిన్నరలో మరణించే ముప్పు వారిలో మిగతావారి కంటే సుమారు మూడు రెట్లు ఎక్కువగా నమోదైంది. కుంగుబాటే మరణానికి కారణమని ఇలాంటి పరిశీలన ఒక్కటే రుజువు చేయదు. కానీ పాదానికి కట్టు కట్టి మనసును అడగకుండా పంపితే చికిత్స సగమే అయినట్లని మాత్రం చెబుతుంది.

‘నీరసం’ వెనక ఏముంది?

మన దగ్గర ‘నాకు మనసు బాగోలేదు’ అని డాక్టరుతో చెప్పేవారు అరుదు. ‘నీరసంగా ఉందండీ’, ‘నిద్ర పట్టడం లేదండీ’, ‘ఏదీ తినబుద్ధి కావడం లేదండీ’ అంటారు. చిక్కేమిటంటే నీరసం, నిద్రలేమి, ఆకలి మారడం మధుమేహం వల్ల కూడా వస్తాయి. అందుకే ఒంటి లక్షణాలను పక్కనపెట్టి మనసు గురించి మాత్రమే అడిగే ప్రశ్నావళిని 1983లో జిగ్మండ్, స్నెయిత్ అనే వైద్యులు రూపొందించారు. ‘హాడ్స్’ అనే ఈ ప్రశ్నావళిలో కుంగుబాటుకు 7, ఆందోళనకు 7 ప్రశ్నలుంటాయి. 9 ప్రశ్నల ‘పీహెచ్‌క్యూ-9’ కూడా విరివిగా వాడుకలో ఉంది. ఇవి జబ్బును నిర్ధారించవు. ఎవరిని నిదానంగా కూర్చోబెట్టి మాట్లాడాలో చెబుతాయి.

ఇంట్లోనే గమనించదగ్గవి రెండున్నాయి. ఒకటి, రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులుగా ఉండటం. రెండోది, ఇదివరకు ఇష్టంగా చేసే పనుల మీద ఆసక్తి పోవడం. సీరియల్ చూడాలనిపించకపోవడం, మనవలు వచ్చినా మాట్లాడాలనిపించకపోవడం వంటివన్నీ ఈ కోవలోకే వస్తాయి. జబ్బును రోజూ మోయడం వల్ల కలిగే విసుగు వేరు, కుంగుబాటు వేరు. విసుగు ఆసరాతో, మాటతో తగ్గవచ్చు. కుంగుబాటుకు చికిత్స అవసరం.

ఇంకో ముఖ్యమైన పరీక్ష విటమిన్ బి12. మధుమేహానికి ఎక్కువగా వాడే మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ల తరబడి వాడితే బి12 తగ్గే అవకాశముంది. మాంసాహారం తినని వారిలో అది ముందే తక్కువగా ఉండొచ్చు. బి12 లోపం వల్ల కాళ్ల తిమ్మిర్లు, తూలుడు, మానసిక కుంగుబాటు మూడూ రావచ్చు. థైరాయిడ్ లోపం కూడా అలసట, దిగులు తెస్తుంది. ఇలాంటివి బయటపడితే సరిచేయడం తేలిక. అందుకే అన్నిటినీ ‘షుగర్ వల్లే’ అని వదిలేయకూడదు.

మందు పేరు చూసి బెదరొద్దు

ఇప్పుడు బీరువాలోని చీటీ దగ్గరికి వద్దాం. అమిట్రిప్టిలిన్, డ్యులాక్సెటిన్ రెండూ కుంగుబాటుకు వాడే మందులే. నాడీ నొప్పికి ముందుగా వాడే మందుల్లోనూ అవి ఉన్నాయి. నొప్పి తగ్గడం మనసు కుదుటపడటం వల్లేనా? ఈ ప్రశ్నను అమెరికాలో మిచెల్ మ్యాక్స్ బృందం 1992లో పరీక్షించింది. అమిట్రిప్టిలిన్ వాడినవారిలో 74 శాతం మందికి, డెసిప్రమిన్‌తో 61 శాతం మందికి నొప్పి తగ్గింది. సెరటోనిన్ ఒక్కదాన్నే పెంచే ఫ్లూఆక్సెటిన్‌తో 48 శాతం, ఉత్తుత్తి మాత్రతో 41 శాతం. మొదటి రెండు మందులూ కుంగుబాటు ఉన్నవారికీ లేనివారికీ పనిచేశాయి. ఫ్లూఆక్సెటిన్ మాత్రం కుంగుబాటు ఉన్నవారికే కాస్త ఉపయోగపడింది.

అర్థమేమిటి? మొదటి రెండు మందులు మనసును తేలికపరచడం ద్వారానే కాక, నార్అడ్రినలిన్‌ను పెంచి వెన్నుపాములోని తలుపును నేరుగా బిగిస్తున్నాయి. కాబట్టి నాడీ నొప్పికి ఈ మాత్ర రాశారంటే మీకు మానసిక జబ్బు ఉందని తీర్పు ఇచ్చినట్లు కాదు. నొప్పికి వాడే అమిట్రిప్టిలిన్ మోతాదు కుంగుబాటుకు వాడేదానికన్నా సాధారణంగా తక్కువే. ఒకవేళ రెండు సమస్యలూ ఉంటే, సరిపడా మోతాదులో డ్యులాక్సెటిన్ రెండింటికీ పనికిరావచ్చు. అమెరికాలో ఈ మందుకు 2004లోనే రెండు వాడకాలకూ అనుమతి లభించింది. కుంగుబాటు మందు కాని ప్రీగాబలిన్ కూడా నాడీ నొప్పికి పనిచేస్తుంది.

ఏది మేలు? బ్రిటన్‌లో సాలమన్ టెస్ఫాయె నాయకత్వంలో 130 మందిపై జరిగిన ‘ఆప్షన్-డీఎం’ పరీక్ష 2022లో దీనికి జవాబిచ్చింది. ఏ మందుతో మొదలుపెట్టినా ఫలితం ఇంచుమించు సమానమే. ఒకదానితో చాలనప్పుడు రెండోది జత చేస్తే మేలు. అంటే మొదటి మాత్రతో తగ్గకపోతే ‘నాకింతే రాసిపెట్టుంది’ అని వదిలేయనక్కర్లేదు.

అయితే జాగ్రత్తలున్నాయి. అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండిపోవడం, మత్తు, లేవగానే కళ్లు తిరగడం ఉండొచ్చు. గుండె జబ్బు, ఒకరకం నీటికాసులు, ప్రొస్టేట్ సమస్య ఉన్నవారు ముందే చెప్పాలి. ప్రీగాబలిన్ కూడా మత్తు, తూలుడు తేవచ్చు. ముందే తూలేవారికి ఇది ముఖ్యం. ఇవి మొదటి రోజే పనిచేయవు, కొన్ని వారాలు పడుతుంది. సొంతంగా మొదలుపెట్టకూడదు, ఉన్నట్టుండి మానేయకూడదు.

మందులు కాకుండా, ఆలోచనల తీరును మార్చుకునేందుకు తోడ్పడే కౌన్సెలింగ్, వదిలేసిన పనులను కొద్దికొద్దిగా తిరిగి మొదలుపెట్టించే పద్ధతి, ఫిజియోథెరపిస్టు నేర్పే నిలకడ వ్యాయామాలు, గ్లూకోజు అదుపు, ఇవన్నీ చికిత్సలో భాగమే.

విశాఖతో సహా నాలుగు నగరాల్లో

ఇదంతా చేయడానికి సైకియాట్రిస్టులు ఎక్కడున్నారు? 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, సాధారణ మానసిక సమస్యలున్నవారిలో నూటికి 80 మందికి పైగా చికిత్స అందడం లేదు. ప్రతి షుగర్ క్లినిక్‌లోనూ మనసు డాక్టరును కూర్చోబెట్టడం ఇప్పట్లో అయ్యే పని కాదు.

దీనికి ఒక ఉపాయాన్ని మన దేశంలోనే పరీక్షించారు. ఢిల్లీ, చెన్నై, బెంగళూరు, విశాఖపట్నంలోని నాలుగు మధుమేహ క్లినిక్‌లలో 404 మందితో ‘ఇండిపెండెంట్’ అనే పరీక్ష జరిగింది. వీరందరికీ షుగర్ అదుపులో లేదు, కుంగుబాటు లక్షణాలున్నాయి. సగం మందికి మామూలు చికిత్స కొనసాగింది. మిగతా సగానికి డాక్టరు కాని ఒక శిక్షణ పొందిన సమన్వయకర్త తోడయ్యారు. వారితో తరచూ మాట్లాడటం, మాత్రలు వాడుతున్నారా, మనసు ఎలా ఉందని అడగడం, ఆ వివరాలను నిపుణులతో సమీక్షించి చికిత్స మార్పులను క్లినిక్ డాక్టరుకు సూచించడం వీరి పని. ఇది ఏడాది నడిచింది.

2020లో ‘జామా’ పత్రికలో ఫలితాలు వచ్చాయి. కుంగుబాటు లక్షణాలు సగానికి తగ్గి, దాంతోపాటు షుగర్, రక్తపోటు, కొలెస్ట్రాల్‌లో ఏదో ఒకటైనా చెప్పుకోదగ్గంత మెరుగుపడినవారు రెండేళ్ల చివర సమన్వయకర్త తోడున్న బృందంలో 71.6 శాతం, మామూలు చికిత్స బృందంలో 57.4 శాతం. ఇది ప్రత్యేకంగా నాడులు దెబ్బతిన్నవారి మీద చేసిన పరీక్ష కాదు. కానీ ఒకే గదిలో షుగర్‌నూ మనసునూ కలిపి చూడటం మన క్లినిక్‌లలో సాధ్యమేనని ఇది చూపింది. అదనంగా కావాల్సింది పెద్ద యంత్రం కాదు, క్రమం తప్పకుండా అడిగే మనిషి.

ఇంట్లోవాళ్లు చేయగలిగింది

ఆ అడిగే పని ఇంట్లోనూ మొదలుపెట్టవచ్చు. ‘పైకి ఏమీ లేదు కదా’ అన్న మాటను ముందు మానాలి. ‘రాత్రి ఎంతసేపు నిద్రపట్టింది? ఎక్కడ మండుతోంది?’ అని అడిగితే చాలు, నొప్పిని నమ్మినట్లవుతుంది. రోజూ ఒక వేళ పెట్టుకుని పాదాలు, వేళ్ల సందులు చూడాలి. చూపు ఆననివారికి మరొకరు చూసిపెట్టాలి. మంటగా ఉందని వేడినీళ్లలోనో ఐసులోనో పాదాలు ముంచకూడదు. స్పర్శ లేని పాదానికి కాలినా తెలియదు. రాత్రిపూట బాత్రూమ్ దారిలో చిన్న బల్బు వెలగనివ్వాలి, తడి గచ్చు మీద జారకుండా పట్టా వేయాలి, గోడకు పట్టుకునే కడ్డీ బిగించాలి. పడతామన్న భయం తగ్గితే మనిషి మళ్లీ గడప దాటతాడు.

తర్వాతిసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు షుగర్ రిపోర్టుతో పాటు నిద్ర, దిగులు, భయం గురించి కూడా చెప్పాలి. డాక్టరు అడగకపోతే మనమే చెప్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ‘బతికి ఏం లాభం’ అన్న మాట నోటి వెంట వస్తే తేలిగ్గా తీసుకోవద్దు. ఆ మనిషిని ఒంటరిగా వదలకుండా వెంటనే సాయం కోరాలి.

బీరువాలో మడిచిపెట్టిన ఆ చీటీని మళ్లీ బయటికి తీయవచ్చు. ఆ మాత్ర ఎందుకు రాశారో డాక్టరును నేరుగా అడగవచ్చు. అది పిచ్చికి మందు కాదు. ఎవరూ నొక్కకుండానే రాత్రంతా మోగుతున్న గంట చప్పుడును తగ్గించే మందు. ఆ చప్పుడు తగ్గి నాలుగు గంటలు నిద్రపడితే, మర్నాడు వీధి చివరి దాకా నడిచి రావడానికి కాస్త ధైర్యం వస్తుంది. కోలుకోవడం చాలామందికి అక్కడే మొదలవుతుంది.